పైన మనం, కింద మన ఊరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

స్వర్ణోత్సవ సభలో మురుగునీటి గురించి మాట్లాడతానని చెబితే కార్యవర్గ మిత్రులు కాసేపు ఆలోచించారు. "భోజనాలకు ముందా, తర్వాతా?" అని అడిగారు. ముందే పెట్టమన్నాను. భోజనం చేశాక ఎవరూ వినరు. ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన పని ఇదే. మురుగునీటి శుద్ధి కేంద్రాలు కట్టించడం, వాటిని నడిపించడం. నాకు తెలిసిన విషయం వదిలేసి వేరే ఏం మాట్లాడినా అది అరువు మాటే అవుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. మన సంఘం మొదలైన 1974లోనే, మార్చి 23న, మన దేశంలో జల కాలుష్య నివారణ చట్టం వచ్చింది. నదిలోకి మురుగు వదలడం తప్పు అని దేశ స్థాయిలో రాసుకున్న మొదటి పెద్ద చట్టం అదే. కాలుష్య నియంత్రణ మండళ్లు దాని కిందే ఏర్పడ్డాయి. అంటే ఆ చట్టానికీ ఇది స్వర్ణోత్సవమే. మన సంఘం ఏం సాధించిందో ఇంతకుముందు కార్యదర్శిగారు చదివారు. ఆ చట్టం ఏం సాధించిందో చూడాలంటే మన ఊరి కాలువ గట్టు దాకా నడిస్తే చాలు.

మూసీ కథ మీకు తెలియనిది కాదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. హైదరాబాద్ దాటి, మన ప్రాంతం గుండా వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరులో వచ్చిన వరదకు నగరం కొట్టుకుపోతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన సలహాతోనే గండిపేట, హిమాయత్ సాగర్ వచ్చాయి. వరద ఆపడంతో ఆయన సరిపెట్టుకోలేదు. నగరానికి భూగర్భ మురుగు వ్యవస్థ కూడా ఉండాలన్నారు. మంచినీళ్లు తెచ్చేవాడే మురుగు ఎటు పోవాలో కూడా చెప్పాలి అన్నది ఇంజినీర్లు ఆయన దగ్గర నేర్చుకోవలసిన పాఠం.

ఆ పాఠం తర్వాత మనం మరిచిపోయాం. నగరం పెరిగింది. గండిపేట నీళ్లు చాలలేదు. మంజీర నుంచి తెచ్చాం, సింగూరు నుంచి తెచ్చాం. 2004 నుంచి కృష్ణా నీళ్లు, 2015 నుంచి గోదావరి నీళ్లు కూడా తెచ్చుకుంటున్నాం. కృష్ణా నీళ్లు ఎక్కడి నుంచి వెళ్తున్నాయి? నాగార్జునసాగర్ నుంచి. ఎక్కడ శుద్ధి అవుతున్నాయి? నల్లగొండ జిల్లా కోదండాపురంలో. అక్కడి నుంచి పెద్ద పైపుల్లో తేటగా హైదరాబాద్‌కు పోతాయి. నగరంలో స్నానం చేసి, వంట చేసి, బట్టలు ఉతికి, మరుగుదొడ్డి కడిగి వదిలేస్తే, అవే నీళ్లు మూసీలో పడి మళ్లీ మన జిల్లాకే వస్తాయి. పోయేటప్పుడు పైపులో పోతాయి. వచ్చేటప్పుడు నురగతో వస్తాయి.

ఈ సభలో ఉన్నవాళ్లలో సగానికి పైగా హైదరాబాద్‌లో స్థిరపడిన వాళ్లమే. మన అమ్మానాన్నలు, అన్నదమ్ములు, మన పొలాలు మాత్రం ఇక్కడే ఉన్నాయి. పైన మనం, కింద మన ఊరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దీని వివరణే.

అసలు నీరు చెడిపోవడం అంటే ఏమిటి? మురుగునీటిలో 99.9 శాతం నీరే. మురికి అన్నది వెయ్యిలో ఒక వంతు. మరి అంత కొంచెం మురికి నదిని ఎలా చంపుతుంది? దీనికి ఒక చిన్న లెక్క ఉంది. మన ఎండలకు ఒక లీటరు మంచినీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ ఏడెనిమిది మిల్లీగ్రాములే. చేప బతికేది దాని మీదే. నీటిలో మలం, అన్నం, సబ్బు, నూనె పడితే సూక్ష్మజీవులు వాటిని తింటాయి. తినేటప్పుడు మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటాయి. ఒక లీటరు ఇంటి మురుగును తినడానికి వాటికి 200 నుంచి 300 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. దీన్నే మేం బీఓడీ అంటాం. ఉన్నది ఎనిమిది, అడుగుతున్నది రెండు వందల యాభై. ఒక లీటరు మురుగు ముప్పై లీటర్ల మంచినీటి ఊపిరి లాగేస్తుందన్నమాట. ఎండాకాలంలో మూసీలో ఆ ముప్పై లీటర్ల మంచినీళ్లు ఎక్కడున్నాయి? పారేదంతా మురుగే. ఊపిరి అయిపోయాక గాలి అక్కరలేని మరో జాతి సూక్ష్మజీవులు పనిలోకి దిగుతాయి. కుళ్లిన గుడ్ల వాసన, నల్లరంగు వాటి పనే. నది నల్లబడిందంటే ఊపిరాడక నల్లబడిందని అర్థం.

శుద్ధి కేంద్రం చేసే పని ఈ లెక్కను సరిచేయడమే. నదిలో రోజుల తరబడి, మైళ్ల దూరం జరగాల్సిన పనిని నాలుగు గోడల మధ్య కొన్ని గంటల్లో చేయించడం. యంత్రాలు చాలా కనిపిస్తాయి గానీ అసలు పనివాళ్లు మాత్రం ఆ కంటికి కనపడని జీవులే.

వచ్చిన నీరు ముందు జల్లెడల గుండా పోతుంది. అక్కడ ఏమేం చిక్కుతాయో చెబితే మీరు నమ్మరు. షాంపూ ప్యాకెట్లు, శానిటరీ ప్యాడ్లు, చెప్పులు, జుట్టు ఉండలు, పెళ్లి శుభలేఖలు. తర్వాత నీటి వేగం తగ్గించి ఇసుకను కింద పడనిస్తారు. ఆ తర్వాతే గాలి తొట్టి. అడుగు నుంచి బ్లోయర్లు గాలి ఊదుతుంటాయి. నీళ్లు మరుగుతున్నట్టు పొంగుతుంటాయి. సూక్ష్మజీవులు మురికిని తిని, ఒకదాన్నొకటి అతుక్కుని గోధుమరంగు పొరకల్లా తయారవుతాయి. గాలి ఆపి నీటిని కదలకుండా ఉంచితే ఆ పొరకలు కిందకి దిగుతాయి. పైన తేరుకున్న నీటిని క్లోరిన్ కలిపి వదులుతారు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. అడుగుకు దిగిన ఆ బురదలో కొంత భాగాన్ని పారేయకుండా మళ్లీ కొత్తగా వచ్చే మురుగులో కలుపుతారు. ఎందుకో మన అమ్మలకు చెప్పనక్కరలేదు. పాలు తోడుపెట్టడం లాంటిదే ఇది. నిన్నటి పెరుగు చెంచాడు వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పాలు తోడుకుంటాయి. తోడు లేకపోతే పాలు విరుగుతాయి గానీ పెరుగు కావు. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు సీసాల్లో మురుగు పోసి గాలి ఊదారు. మొదటిసారి నీరు బాగుపడటానికి వారాలు పట్టింది. అడుగున మిగిలిన బురదను అలాగే ఉంచి, కొత్త మురుగు పోసి మళ్లీ ఊదారు. అలా చేస్తూ పోతే వారాల పని ఒక రోజులోపుకు దిగింది. వాళ్లకు దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ తర్వాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు ఆచార్యుడుగా వచ్చారు. ప్రపంచంలో మురుగు శుద్ధి ఇప్పటికీ ఎక్కువగా నడుస్తున్నది ఆ తోడు పద్ధతి మీదే.

హైదరాబాద్‌లో అంబర్‌పేట కేంద్రం చాలామంది బస్సులోంచి చూసే ఉంటారు. రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యం దానిది. అక్కడ ముందు గాలి లేకుండా బురద పొర గుండా నీటిని పైకి పంపిస్తారు. మన గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేదే అక్కడా జరుగుతుంది. ఆ తర్వాత నీటిని గాలి పట్టే మడుగుల్లోకి వదులుతారు. ఇప్పుడు నగరం చుట్టూ కొత్తగా 31 కేంద్రాలు తలపెట్టారు. అన్నీ కలిపి రోజుకు సుమారు 126 కోట్ల లీటర్లు. వాటిలో మొదటిది 2023 జులైలో కోకాపేటలో మొదలైంది. వీటిలో నింపడం, గాలి ఊదడం, తేరనివ్వడం, వంపడం అన్నీ ఒకే తొట్టిలో, గడియారం ప్రకారం జరుగుతాయి. చోటు తక్కువ పడుతుంది. నీరు చాలా తేటగా వస్తుంది.

దేశం మొత్తం లెక్క చూస్తే మాత్రం దిగులేస్తుంది. 2020–21 నాటి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నివేదిక ప్రకారం మన పట్టణాల్లో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు పుడుతోంది. నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లు. అంటే పాతిక వంతు మీద కాస్త. మిగతాదంతా ఎవరో ఒకరి ఊరికి పోతోంది.

కేంద్రాలు కట్టడం ఒక పని. కట్టినవి బతికి ఉండటం మరో పని. నా ఉద్యోగంలో నేను ఎక్కువగా చూసింది ఈ రెండోదే. పేరు ఎందుకు గానీ, నగరంలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం వాళ్లు ఒకసారి పిలిచారు. సొంత ఎస్టీపీ ఉంది. కంపు భరించలేకపోతున్నామన్నారు. వెళ్లి చూస్తే తొట్టిలో నీళ్లు బొగ్గులా నల్లగా ఉన్నాయి. ఆపరేటరు ఇరవై రెండేళ్ల పిల్లవాడు. "రాత్రి ఎన్ని గంటలు ఆపుతున్నావు బాబూ?" అని అడిగాను. అటూ ఇటూ చూసి, "పదింటికి ఆపి పొద్దున ఆరింటికి వేస్తా సార్. కరెంటు బిల్లు ఎక్కువొస్తుందని ఆపమన్నారు" అన్నాడు. పద్ధతి ప్రకారం తేరడానికి గంటసేపు గాలి ఆపడం వేరు. రాత్రంతా ఆపడం వేరు. ఊపిరి పీల్చే జీవిని ఎనిమిది గంటలు నీళ్లలో ముంచితే ఏమవుతుంది? ఆ కేంద్రంలోనూ అదే అయింది. శుద్ధి కేంద్రం కరెంటులో సగమో అంతకంటే ఎక్కువో గాలి ఊదడానికే పోతుంది. పొదుపు చేయాలనుకునేవాడి చేయి ముందు దాని మీదే పడుతుంది.

వంద ఫ్లాట్లు ఉన్నాయనుకోండి. నాలుగు వందల మంది. మనిషికి రోజుకు 135 లీటర్లు అని మా లెక్క. అందులో ఎనభై శాతం మురుగుగా తిరిగి వస్తుంది. అంటే నలభై మూడు వేల లీటర్లు. రోజూ. బ్లోయరు ఆగిన రోజు ఆ నలభై మూడు వేల లీటర్లు ఎటు పోతాయి? గోడ అవతలి నాలాలోకి, నాలా నుంచి మూసీలోకి, మూసీ నుంచి మీ నాన్నగారి పొలంలోకి.

రెండో శత్రువు మనం పోసే విషం. బాత్‌రూం టైల్స్ తెల్లగా రావాలని సీసాలకొద్దీ యాసిడ్ పోస్తాం. అది టైల్స్ దగ్గర ఆగదు. అపార్ట్‌మెంట్ తొట్టి చిన్నది, యాసిడ్‌ను పలుచన చేసేటంత నీరు అందులో ఉండదు. వేయించిన నూనె సింకులో పోస్తాం. అది పైపులో గడ్డకట్టి రాయిలా తయారవుతుంది. పరిశ్రమల సంగతి ఇంకా పెద్దది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. అది మనం జ్వరానికి, ఇన్ఫెక్షన్‌కు వేసుకునే యాంటీబయాటిక్. సూక్ష్మజీవులను చంపడానికి తయారుచేసిన మందు నీటిలో కలిస్తే, శుద్ధి చేసే సూక్ష్మజీవులకు హాని. దాన్ని తట్టుకుని బతికిన సూక్ష్మజీవులు రేపు మన ఒంట్లోకి వస్తే ఆ మందు మనకు పనిచేయదు. ఇంటి మురుగు తొట్టి ఇలాంటి రసాయనాల కోసం కట్టింది కాదు. ఫ్యాక్టరీ నీటిని ఫ్యాక్టరీలోనే బాగుచేయాలి.

ఇంకో మాట, చెప్పకుండా ఉండలేనిది. మనం పైన పోసినది కింద ఇరుక్కుంటే దాన్ని తీయడానికి దిగేది మనిషి. మ్యాన్‌హోల్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని ఇంకో మెట్టు దిగినవాడు పైకి రాడు. అతన్ని తీయడానికి దిగినవాడూ రాడు. 2013 చట్టం రక్షణ లేకుండా మనిషిని సీవరులోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరమంది. 2014లో సుప్రీంకోర్టు ఇలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ పని మీద జీవితమంతా పెట్టిన బెజవాడ విల్సన్‌గారికి 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. కోర్టు తీర్పూ అవార్డూ ఉన్నా మనిషిని దింపేది మన గేటు ముందే. "ఒక్కసారి దిగి చూడు, వెయ్యి రూపాయలు ఇస్తా" అనేది మనమే. ఆ మాట ఎవరూ అనకండి. జెట్టింగ్ మిషను వచ్చేదాకా ఆగండి.

ఇక కింద సంగతి. మూసీ నీళ్లు చెడ్డవి, ఆపేయండి అని మన ఊళ్లో ఎవరైనా అంటే రైతు ఒప్పుకోడు. ఒప్పుకోనక్కరలేదు కూడా. పాతరోజుల్లో వానాకాలం దాటితే ఎండిపోయే ఏరు, ఇప్పుడు నగరం పుణ్యమా అని పన్నెండు నెలలూ పారుతోంది. బునాదిగాని కాలువ, పిల్లాయిపల్లి కాలువ కింద రెండు పంటలు పండుతున్నాయంటే ఆ నీళ్లతోనే. నగరం శివార్లలో పారా గడ్డి పెంచి బర్రెలను సాకేవాళ్లు దాని మీదే బతుకుతున్నారు. మురుగులో నత్రజని, భాస్వరం ఉంటాయి, యూరియా బస్తా కొంత మిగులుతుంది. కానీ నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లు దురదలు పెడతాయి, కాలివేళ్ల సందులు ఒరుస్తాయి. కొంకిపురుగు మట్టిలోంచి అరికాలి గుండా ఎక్కుతుంది. బాయి నీళ్లు తాగడానికి పనికిరావు. రైతు అడుగుతున్నది నీళ్లు ఆపమని కాదు, కడిగి పంపమని. అది న్యాయమైన కోరిక. శుద్ధి చేసిన నీరు చెత్త కాదు, ఒక పంటకాలువ.

నది కూడా తన వంతు పని చేస్తూనే ఉంది. హైదరాబాద్ నుంచి కిందికి వచ్చేకొద్దీ మూసీ మీద కత్వలున్నాయి, కాలువల కింద చెరువులున్నాయి. కత్వ వెనక నీరు నిలిచి మురికి అడుగుకు దిగుతుంది. కత్వ మీంచి దూకినప్పుడు గాలి కలుస్తుంది. చెరువులో ఎండ తగులుతుంది. మా తొట్టుల్లో మేం చేసేది సరిగ్గా ఇదే. మన పెద్దలు సాగు కోసం కట్టినవి మనకు తెలియకుండానే శుద్ధి కేంద్రాలుగా పనిచేస్తున్నాయి. అందుకే కత్వకు గండి పడితే, చెరువు శిఖం ప్లాట్లయితే పోయేది సాగునీరు ఒక్కటే కాదు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? పెద్దపెద్ద మాటలు వద్దు. నాలుగు పనులు చెబుతాను.

ఒకటి, అపార్ట్‌మెంట్లలో ఉన్న మిత్రులకు. ఈసారి మీ సొసైటీ మీటింగులో మూడు ప్రశ్నలు అడగండి. ఎస్టీపీ బ్లోయరు రోజుకు ఎన్ని గంటలు తిరుగుతోంది? మిగులు బురద ఎవరు తీసుకెళ్తున్నారు, ఎక్కడ వేస్తున్నారు? గాలి తొట్టి నీటిని లీటరు జాడీలో పట్టి అరగంట ఉంచితే ఏం కనిపిస్తోంది? కింద గోధుమరంగు బురద, పైన తేటనీరు, వాన పడ్డ మట్టి వాసన ఉంటే అంతా బాగున్నట్టు. నల్లగా ఉండి కంపు కొడితే మీ జీవులు చచ్చిపోతున్నట్టు. దీనికి ఇంజినీరు అక్కరలేదు.

రెండు, ఇంట్లో. వాడిన నూనె సీసాలో పోసి చెత్తబండికి ఇవ్వండి. యాసిడ్ బదులు సబ్బునీళ్లు, బ్రష్షు, కాస్త మోచేతి బలం వాడండి. వేసుకోని మందులు కమోడ్‌లో వేయకండి.

మూడు, సైన్సు చెప్పే సార్లకు, మేడమ్‌లకు. పిల్లలతో ఒక ప్రయోగం చేయించండి. మూతి దాకా నింపిన మూడు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో కాలువ నీరు, ఒకదాంట్లో చెరువు నీరు, ఒకదాంట్లో నల్లా నీరు. ఒక్కోదాంట్లో ఒకటి రెండు చుక్కల మిథిలీన్ బ్లూ వేసి గాలి చొరకుండా మూత బిగించి నీడలో పెట్టండి. ఆక్సిజన్ అయిపోయిన సీసాలో నీలం రంగు పోతుంది. ఎంత తొందరగా పోతే నీరు అంత మురికి. నెలకోసారి తేదీ వేసి గోడమీద రాయండి. కాలువ నీరు బాగుపడుతోందో చెడుతోందో చెప్పడానికి ఈ ఊరికి సొంత లెక్క ఉంటుంది. అధికారుల ముందు మాట్లాడటానికి అది చాలా బలం.

నాలుగు, మన సంఘానికి. స్వర్ణోత్సవ గుర్తుగా స్వాగత తోరణం కట్టాలని ఒక ప్రతిపాదన ఉంది. కట్టేవాళ్ల మనసు మంచిదే. కానీ పొద్దున నేను బడి వెనక్కి వెళ్లి చూశాను. మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకు నిండి, పొర్లిన నీరు మోరీ వెంట కాలువలోకే పోతోంది. హైదరాబాద్ వాళ్లు మనకు చేస్తున్నది మన బడి కింది ఊరికి చేస్తోంది. కింద ఊరు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ట్యాంకు రెండుమూడేళ్లకోసారి తీయించాలి, బండివాడు ఆ బురదను వాగులో వంపకుండా శుద్ధి కేంద్రానికే చేర్చాలి. ట్యాంకు నుంచి బయటికొచ్చే నీటికి ఇంకుడుగుంత, చేతులు కడిగిన నీటికి అరటిమడి కావాలి. ఆడపిల్లల మరుగుదొడ్డిలో ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా కావాలి. ఇదంతా తోరణం కంటే తక్కువ ఖర్చు. కట్టాక కనపడదు, ఫోటో తీయలేం. మంచి మురుగు వ్యవస్థ ఎప్పుడూ కనపడదు. దీనికి నా వంతు డబ్బు ఈ రోజే కోశాధికారిగారికి ఇస్తున్నాను. అంచనా, డ్రాయింగు నేనే వేసిస్తాను. పని జరిగినన్నాళ్లు వచ్చి నిలబడతాను. మిగతా నిర్ణయం మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో మీది.

 భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. చేతులు కడుక్కునేటప్పుడు ఆ నీళ్లు ఎటు పోతున్నాయో ఒకసారి చూడండి.